కొండ మీద తవ్విన కాలువలు

ఈ వసంతంలో మా ఏరు బురదగా వచ్చింది. నీటి సంఘం పెద్ద తెమిర్‌కుల్ బడి వరండాలో కూర్చుని, తమ ఇంట్లో పాలు కొనే పని తప్పిందని, టీ దానంతటదే చిక్కగా వస్తోందని అందరినీ నవ్వించాడు. ఆ తర్వాత నవ్వకుండా, పై కొండ మీద ఆవులు మేపే సూరకాన్ ఒప్పందం తప్పిందన్నాడు.

ఆ ఒప్పందం కుదిర్చింది నా భర్త అసన్‌బెక్. ఊరి కాలువలకు నీరు పంచే పని ఆయనది. మంచు కరిగే నెలల్లో సూరకాన్ తన ఆవులను ఊటల వాలు మీదికి తోలకూడదు. నేల తొక్కుడు పడకపోతే మాకు తేట నీరు వస్తుంది. అందుకు బదులు ఆమెకు దిగువన మేత బీడు ఇచ్చారు. మా ఆప్రికాట్ తోటల వాళ్ళు ఆమె దొడ్డి బాగుచేసి, మట్టి జారకుండా వాలు మీద మొక్కలు నాటాలి. అంతా చట్టం ప్రకారమే జరిగింది. నిరుటి ఆకురాలు కాలంలో ఆయనే దగ్గరుండి మొక్కలు నాటించాడు. చలికాలంలో పోయాడు.

ఆదివారం సభ. ఆమె తప్పిందని తేలితే ఒప్పందంతో పాటు బీడూ పోతుంది. ఆ మందతో ఆమె ఎక్కడికి పోతుందో ఎవరూ అడగలేదు.

నాకు ఒక సంగతి అర్థం కాలేదు. ఏరు ఉదయం తేటగానే ఉంటోంది. ఎండెక్కి మంచు కరిగాకే బురద వస్తోంది. ఆవులకు ఎండతో పనేమిటి? శనివారం బడి వదిలాక గుర్రం అడిగి తెచ్చుకుని పైకి వెళ్ళాను.

వాలు మీద పేడ లేదు, గిట్టల జాడ లేదు. మొక్కలు వరుసగా ఉన్నాయి. మొక్క నుంచి మొక్కకు కాలువ, పై నుంచి ఏటి దాకా. మా తోటల్లో చెట్టుకు కాలువ లేకపోతే చెట్టు బతకదు. కాలువ లేకుండా మొక్క నాటడం మా మగవాళ్ళ చేతికి తెలియదు. మంచు నీరు ఆ కాలువల్లో పరుగెత్తుతూ మట్టిని కోసుకుపోతోంది. ప్రతి మలుపులో ఒక పలక రాయి ఉంది. మా పెరటి కాలువలోనూ ఆయన అలాగే పెట్టాడు.

సూరకాన్ వెనక నుంచి వచ్చి ఐరాన్ మజ్జిగ గిన్నె చేతికిచ్చింది. నాకంటే పెద్దది, అందుకే ఎజే అంటాను.

“ఎజే, ఈ కాలువలు చూశావు కదా?”

“చూడకేం. రోజూ చూస్తూనే ఉన్నా.”

“మరి చెప్పలేదేం?”

“అషార్‌కొచ్చి ఊరంతా కలిసి ఊరికే ఒళ్ళు వంచిన వాళ్ళకి అన్నం పెడతాం గానీ, వంకలు పెడతామా? ముందు ఐరాన్ తాగు, పులిసిపోద్ది.”

“అది పులిసిందే కదా ఎజే.”

ఆమె కొంచెం నవ్వింది. తర్వాత ఏటి వైపు చూస్తూ, “పోయినాయన పనిని ఆయన పెళ్ళాం దగ్గర ఎట్టా అనేది, టీచరమ్మా? రేపు అడిగితే మా ఆవులు వాలు తొక్కలేదంటా. అంతకు మించి నా నోట రాదు” అంది.

సభలో ఆమె అంతే చెప్పింది. తెమిర్‌కుల్ తల అడ్డంగా ఊపాడు. నేను లేచాను. పిల్లలకు, ఒక్క వాక్యం చాలితే రెండోది రాయొద్దని చెబుతుంటాను. నాకు మూడు పట్టాయి.

“ఆవులు వాలు తొక్కలేదు. బురద మనం తవ్విన కాలువల్లోంచి వస్తోంది. ఎక్కడ తవ్వాలో గీతలు గీసింది మా ఆయన.”

తెమిర్‌కుల్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. “సగం నేనే తవ్వా,” అన్నాడు. “బాగా తవ్వామని మురిసిపోయి, ఎజే చేత మాంసం రెండోసారి కూడా పెట్టించుకున్నాం.”

ఒప్పందం నిలిచింది. మళ్ళీ అందరం పైకి వెళ్ళాం, ఈసారి పూడ్చడానికి. నేను ఆయన పార తీసుకెళ్ళాను. ఆయనది ఎడమ చేతివాటం. అంచు ఒక పక్కకే అరిగిపోయి ఉంది, నా చేతికి కుదరడానికి కొంత సేపు పట్టింది.

మలుపుల్లో రాళ్ళను ఏం చేయమంటావని తెమిర్‌కుల్ మెల్లగా అడిగాడు. కాలువకు అడ్డుకట్ట వేయడానికి పనికొస్తాయన్నాను. మొదటిది నేనే ఎత్తి పెట్టాను.