అంచు పోగుల లెక్క

అర్చన బజారుకు పోయి వచ్చేసరికి కంప్యూటర్ చాలు చేసి ఉన్నది. పోయేటప్పుడు తనే బంద్ చేసి పోయింది.

గద్వాల చీరల అంచులు గీయనీకి కొన్న కంప్యూటర్ అది. మగ్గమున్న అర్రలనే పెట్టిండ్రు. మొగడు లక్ష్మణ్ చీరలమ్మనీకి హైదరాబాద్ పోయిండు. ఇంట్లున్నది అత్త బాలనాగమ్మ ఒక్కతే. రోజూ పక్కన కూసుని చూసే అత్తకు మౌస్ తిప్పుడు ఎప్పుడో వచ్చింది.

అండ్లనే అర్చన డైరీ ఉంది. పెండ్లయి ఐదేండ్లాయె, పిల్లలు లేరు. "నీ కడుపు ఎప్పుడు పండుతదే" అని అత్త పొద్దుగాల లేస్తే సతాయింపే. లోపం లక్ష్మణ్‌ల ఉందని డాక్టర్ చెప్పిండు. "అమ్మకు తెలిస్తే నేను బతకను" అని లక్ష్మణ్ చెయ్యి పట్టుకొని ఏడిస్తే, ఎవరికీ చెప్పనని అర్చన ఒట్టేసింది. నోరైతే మూసుకుంది గానీ, ఎంత కాలమని కడుపుల పెట్టుకుంటది? డైరీల రాసుకొని తాళమేసింది.

తాళమంటే ఏం తాళం! యాదికుంటదని, తను నేసే చీర అంచు పోగుల లెక్కనే పాస్‌వర్డ్ పెట్టుకుంది పిచ్చిది. ముప్పై ఏండ్లు అదే అంచు నేసిన మనిషి ఇంట్లనే ఉన్నదన్న సోయి లేకపాయె.

ఫైలు పావుగంట కింద తెరిచినట్టు చూపిస్తుంది. అత్త ఏడో తరగతి దాంక సదివింది, తెలుగు మంచిగనే సదువుతది. లక్ష్మణ్‌కు చేద్దామని ఫోన్ తీసి, మళ్ల పెట్టేసింది. చేసి ఏమని చెప్తది?

వాకిట్ల అత్త కండెలకు నూలు చుడుతుంది. చాయ్ ఇస్తే తలెత్తకుండ తీసుకుంది. తిట్టినా నయముండు అనిపించింది అర్చనకు.

గప్పుడే పక్కింటి పెంటమ్మ వచ్చింది. "ఏంది బాలమ్మా, కోడలు ఏమన్న మంచి మాట చెప్పిందా?" అని ఎప్పటి లెక్కనే అడిగింది. ఈ మాటకు అత్త రోజూ కోడలి దిక్కు చూసి నిట్టూరుస్తది. అర్చన కొంగు గట్టిగ పట్టుకుంది.

"నా కోడలి సంగతి నీకెందుకు? ఇంకోసారి అడిగితే మా గడప తొక్కకు" అన్నది అత్త.

పెంటమ్మ మూతి ముడుచుకొని పోయింది.

అత్త కండె కింద పెట్టింది. "నా మీద ఏం రాస్తున్నవో చూద్దామని తెరిచిన. తప్పు చేసిన" అన్నది. "ఐదేండ్లు నాతోని మాటలు పడ్డవు గదనే."

అర్చనకు ఏడుపు ఆగలే.

"వాడొచ్చేలోపల ఆ లెక్క మార్చు బిడ్డా, అది వానికీ ఎరుకే. రేపు నువ్వు ఇది రాస్తే వాడు సదువుతడు. నాకు తెలిసిందని వానికి తెల్వొద్దు."

అర్చన కండ్లు తుడుచుకొని కంప్యూటర్ ముందట కూసుంది. అత్త ఎనకనే వచ్చి మగ్గం గుంతల దిగి కూసుంది. అర్చన కొత్త లెక్క కొడుతుంటే మొఖం గోడ దిక్కు తిప్పుకుంది.