అరికాలి మచ్చ

చిన్నికి నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసి, బుగ్గన ఒకటి, అరికాల్లో ఒకటి కాటుక చుక్కలు పెట్టి మంచం మీద పడుకోబెట్టాను. నెల తక్కువగా పుట్టిన పిల్ల. అది తుమ్మినా నాకు గుండె జారుతుంది. అందుకే నేను పెట్టే దిష్టిచుక్కలు శెనగగింజంత ఉంటాయి.

ఆ మధ్యాహ్నమే హైదరాబాద్ నుంచి దిగిన మా ఆడపడుచు ప్రసన్నకుమారి ముద్దు చేస్తూ పిల్ల కాలు పట్టుకుని చటుక్కున ఆగిపోయింది. అరికాల్లో చుక్కని బొటనవేలితో రుద్దింది. ఇంకా గట్టిగా రుద్దింది. కాటుక వేలికి అంటాక గానీ ఊపిరి వదల్లేదు.

"అదేంటి వదినా, దిష్టిచుక్క చెరిపేశారు," అన్నాను. నాకు ఒళ్లు మండింది కూడా.

"ఏం లేదులే. మా ల్యాబ్ పిచ్చి. నల్లమచ్చ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు."

వదిన డాక్టరు కాదు, సైంటిస్టు. మెలనోమా అని నల్లమచ్చలా మొదలయ్యే కేన్సర్ ఒకటి ఉందట. దాని మీదే చదువు, దాని మీదే ఉద్యోగం. పెళ్లి ఊసు ఎత్తనివ్వలేదు. ఆ కేన్సర్ కణాల్ని సీసాల్లో పెంచి వాటి మీద మందులు వేసి చూస్తుందట. "పెంచడమేంటే దరిద్రం, చంపాలి గానీ," అని అత్తయ్య వేళాకోళం చేసేది. బయట మాత్రం, తన కూతురు కేన్సర్‌కి మందు కనిపెడుతోందని ఆవిడ చెప్పని మనిషి లేడు. రావులపాలెంలో మా అరటిగెలలు కొనే షావుకార్లకి కూడా తెలుసు.

వసారాలో కూర్చున్న అత్తయ్య నవ్వింది. "కాటుకచుక్క చూసి అలా అదిరిపోతావేంటే. నాకైతే దేవుడే పెట్టాడు, చూడు," అని కాలు ఎత్తి చూపించింది.

మడమ దగ్గర పావలా కంటే పెద్ద మచ్చ. అంచులు తిన్నగా లేవు. మధ్యలో చిట్లి రసి కారుతోంది.

"నీకు ఉద్యోగం వచ్చిన ఏడాదే కనిపించింది. అరికాల్లో మచ్చ అదృష్టమంటారు, నిజమే. నువ్వు పైకొస్తున్నకొద్దీ ఇదీ పెరిగింది. మొన్న తోటలో ఏదో గుచ్చుకుని చిట్లింది. పసుపు పెడుతున్నాలే."

వదిన ఊరొచ్చినప్పుడల్లా ఆ పాదాలకి దణ్ణం పెట్టేది. దణ్ణం పెట్టేవాళ్లకి పాదం పైభాగమే కనిపిస్తుంది. ఇప్పుడు కింద కూర్చుని ఆ కాలు ఒళ్లో పెట్టుకుంది. తరవాత అత్తయ్య గజ్జల్లో తడిమి చూసింది.

"ఎన్నాళ్లయిందమ్మా ఇక్కడ బిళ్ళ కట్టి?"

"కాలికి దెబ్బ తగిలితే బిళ్ళ కట్టదేంటే."

నేను చిన్నిని ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయాను.

సాయంత్రం మా ఆయన దొరబాబు తోట నుంచి వచ్చాక వదిన విషయం చెప్పింది. రేపే హైదరాబాద్ తీసుకెళ్లాలి. ముక్క తీసి పరీక్ష చేస్తారు. మడమ తియ్యాల్సి రావచ్చు, కాలే తియ్యాల్సి రావచ్చు.

"కాలెందుకు తియ్యడం," అంది అత్తయ్య తొణక్కుండా. "నీ మందు ఉందిగా, అది ఇప్పించు. ఇంకా తయారవ్వకపోతే ఆగుతాను. నాకేం తొందర."

మా ఆయనకి ప్రాణం లేచొచ్చింది. "అవునక్కా. ఇన్నేళ్ల కష్టం అమ్మకి అక్కరకి రాకపోతే ఎలా."

"ఎలకల మీద వేసి చూశాం," అంది వదిన గోడకేసి చూస్తూ. "మనుషుల దాకా రాలేదు."

"ఎలకలకి తగ్గింది నాకు తగ్గదా."

"ఎలకలకీ తగ్గలేదమ్మా. కొన్నాళ్లు ఎక్కువ బతికాయి, అంతే. నువ్వు ఊళ్లో చెప్పుకునే మందు లేదు. లేనిదాని కోసం ఆగకు."

నా ఒళ్లో చిన్ని ఒక్కతే ఊ కొడుతోంది.

"మరి ఇన్నాళ్లూ ఏం చేశావే," అంది అత్తయ్య. గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. "పెళ్లన్నా చేసుకున్నావు కాదు."

వదిన లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. వెనకాలే వెళ్లాను.

"ఆపరేషన్ చేస్తే తగ్గిపోతుందా వదినా?"

"మడమ దగ్గరే ఉన్నప్పుడు చేసుంటే తగ్గేదేమో. అమ్మకి చెప్పకు."

నన్ను ఎనిమిదో తరగతిలోనే బడి మాన్పించారు గానీ, ఆ మాట అర్థం కాకపోలేదు. అర్థం కాకుండా ఉంటే బాగుండేది.

తెల్లారేసరికి అత్తయ్య తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. "ఆటో పిలవరా," అంది కొడుకుతో. ఎందుకు ఒప్పుకుందో చెప్పలేదు, మేమూ అడగలేదు.

కుంటుకుంటూ వీధిలోకి వస్తుంటే ఎదురింటి మరిడమ్మ చీపురు పట్టుకునే పలకరించింది. "ప్రయాణం ఎక్కడికండి, కూతురితో?"

వదిన తల వంచుకుంది. అత్తయ్య ఆగింది.

"హైదరాబాదు. కాల్లో ఏదో మచ్చంట మరిడమ్మా. మా ప్రసన్న కనిపెట్టిన మందుందిగా, మొట్టమొదట నాకే వేస్తారంట."

"ఆయ్, అదృష్టవంతులండి. అలాంటి కూతుర్ని కన్నారు."

"మరే," అంది అత్తయ్య.

వదిన తల ఎత్తలేదు. ఆటో ఎక్కాక, వంగి తల్లి కాలిని రెండు చేతులతో తీసి ఒళ్లో పెట్టుకుంది. గతుకుల రోడ్డు మీద ఆటో ఊగుతూ వెళుతున్నంతసేపూ, ఆ అరికాలిని చేత్తో మూసి పట్టుకునే ఉంది.