తాళ్ళు ఎక్కించే మనిషి

"సూదిలోకి దారం ఎక్కించడం లాంటిదేగా, ఆడవాళ్ళ చేతికి అలవాటైన పనే," అంటూ భర్త పడవలోంచి రేవు మీదికి దూకాడు. పదమూడేళ్ళుగా ప్రతి ఏడూ తెరచాప పడవల పందేనికి ముందురోజు ఇదే మాట. మొదటి ఏడు ఆమె నవ్వింది కూడా.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఎదురుగా తాళ్ళను బిగించి పట్టే ఆరు క్లచ్‌లు, వాటికి ఆరు మీటలు. తెరచాప కొయ్య దగ్గర నుంచి వచ్చే తాళ్ళన్నీ వీటిలో దూరి చుక్కాని దగ్గరికి చేరాలి. మీట ఎత్తితే తాడు కదులుతుంది, దించితే లోపలి పళ్ళు కరిచి పట్టుకుంటాయి. చలికాలం ముందు తాళ్ళు తీసేసేటప్పుడు, వాటి దారిలో సన్న దారాలు వదిలిపెట్టేది ఆమే. ఇప్పుడు ఆ దారానికి తాడు కొసను కుట్టి ఇవతలికి లాగాలి. కుట్టు లావైతే ఇరుక్కుంటుంది, పలచనైతే తెగుతుంది. తెగిందా, ఒక పూట గోవిందా.

తాళ్ళు ఉతికేది కూడా ఆమే. స్నానాల తొట్టిలో నానబెడితే అత్తగారు గుమ్మంలో నిలబడి, "ఇంటినిండా ఈ ఉప్పు కంపేమిటమ్మా?" అన్నారు. పడవేమో కొడుకుది, ఉప్పేమో కోడలిది! ఆఫీసు సెలవులన్నీ ధారపోసి, రెండేళ్ళు తంటాలుపడి ఆమె పడవ నడిపే పరీక్ష పాసైంది. ఆ కాగితం ఫ్రిజ్ తలుపుకు అంటిస్తే, వారం తిరక్కుండా దాని మీద అత్తగారి మందుల చీటీ వెలిసింది. అయినా భర్త మాత్రం మాటిచ్చాడు, "ఈ ఏడు పందెంలో చుక్కాని నీదే" అని. ఆ ఒక్క మాట పట్టుకుని చలికాలమంతా గడిపింది.

నిరుడు ఆలస్యమవుతోందని రెండు తాళ్ళు భర్తే ఎక్కించాడు, ఒకదానిలో పోవాల్సింది ఇంకోదానిలో. పందెం మధ్యలో ఎవరో చిన్న తెరచాప మీట ఎత్తారు, పెద్ద చాప దభేలున కూలింది. ఒడ్డుకు చేరాక అందరి ముందూ, "మా ఆవిడ ఎక్కించింది లెండి" అని నవ్వాడు. అందరూ నవ్వారు. మింగలేక కక్కలేక ఆమె చాప మడతపెట్టింది. ఆ రోజు నోరు విప్పనందుకు తన మీద తనకు ఇప్పటికీ కోపమే.

అయిదో తాడు లాగుతుండగా రేవు మీద నుంచి భర్త గొంతు వినిపించింది. పక్కన అతని తమ్ముడు.

"రేపు చుక్కాని నువ్వు పట్టుకోరా."

"మరి వదిన పట్టుకుంటుందన్నావు?"

"మీ వదిన తాళ్ళు చూసుకుంటుంది. ఆ పని ఇంకెవరికొచ్చు?"

"ఆమెకి చెప్పావా?"

"చెప్పేదేముంది? రెండు రోజులు మూతి ముడుచుకుంటుంది, మూడో రోజు మామూలే. పద, ఏమన్నా తినొద్దాం."

ఒళ్ళు భగ్గుమంది. సొమ్మొకడిది సోకొకడిదని ఊరికే అనలేదు పెద్దలు. మూడో తాడు, నాలుగో తాడు మార్చేస్తే? రేపు మరిది మీట ఎత్తుతాడు, చాప కూలుతుంది, తగిన శాస్తి. చెయ్యి మూడో తాడు మీదికి వెళ్ళింది కూడా. కానీ అప్పుడు భర్త మళ్ళీ "మా ఆవిడ ఎక్కించింది" అంటాడు. ఈసారి ఆ మాట నిజమవుతుంది. ఛీ, వాళ్ళ కోసం తన పని పాడుచేసుకోవడమేమిటి? ఆరో తాడు కూడా సరిగ్గా ఎక్కించి, కొసన ముడి వేసింది.

ఆరు కొసలూ ఆమె ఒడిలో ఉన్నాయి. పడవ కొన్న రోజు అమ్మినతను చెప్పింది గుర్తొచ్చింది: "మనిషి ఒక్కరే ఉన్నా నడుపుకోవచ్చు సార్, తాళ్ళన్నీ కూర్చున్న చోటికే వస్తాయి." భర్త నవ్వాడు. "నాకెందుకండీ ఒక్కడికి? ఆవిడ ఉందిగా!" పదమూడేళ్ళు ఈ తాళ్ళు ఎక్కించింది. తనకోసం ఒక్కసారీ లాగలేదు.

లేచి ఇంజను వేసింది. రేవుకు కట్టిన మోకులు విప్పింది. పడవ నీళ్ళలోకి జరుగుతుండగా తిండి పొట్లాలతో అన్నదమ్ములిద్దరూ పరుగెత్తుకొచ్చారు.

"ఏయ్! ఎక్కడికి? ఒక్కదానివే ఎలా నడుపుతావ్?"

ఆమె పెద్ద చాప తాడు అందుకుని బలం కొద్దీ లాగింది. చాప పైదాకా లేచింది. మీట దించింది. తాడు ఇంత కూడా జారలేదు. చుక్కాని పట్టుకుని అప్పుడు వెనక్కి తిరిగింది.

"రేపు పందేనికి ఇక్కడికే వస్తాను. చుక్కాని నాది. తాళ్ళ దగ్గర ఒక మనిషి కావాలి. సూదిలోకి దారం ఎక్కించడం వస్తే రండి!"