చెరువు నడుమ ఆగే మోటరు

నర్సమ్మ రెక్సిన్ సంచిలో రెండు చొక్కాలు పెట్టింది, ఒకటి తీసింది, మళ్ళీ పెట్టింది. జొన్నరొట్టెలు పైన పెడితే చొక్కాలకు కారం వాసన పడుతుందనిపించింది. అడుగున పెడితే విరిగిపోతాయనిపించింది. ఎటూ తేల్చుకోలేక రొట్టెల మూట ఒళ్ళో పెట్టుకుని గడపలో కూర్చుంది.

"వదినె, రొట్టెలకు ఇంకో టికెట్ దీసి పక్కసీట్ల కూసవెట్టు. ఫికర్ ఉండది," అన్నాడు మరిది తిరుపతి, వాకిట్లో వల చిక్కులు విప్పుతూ.

"నీకన్నీ పరాష్కాలే."

సంచి ఆమె భర్త మొగిలిది. సాయంత్రం ఏడింటికి మియాపూర్‌లో బొంబాయి బస్సు ఎక్కాలి. బొంబాయి దగ్గర భివండీలో మరమగ్గాల కార్ఖానాకు కావలి మనిషి కావాలని అక్కడే పనిచేసే మేనల్లుడు కబురు పంపాడు. శనివారం బస్సుకు ఇంట్లోంచి ఒక మనిషి తప్పకుండా వస్తాడని మొగిలి మాట ఇచ్చాడు. మేనల్లుడు అదే మాట కార్ఖానా సేఠుకు ఇచ్చాడు.

ఎవరైనా ఊరికి బయల్దేరితే నర్సమ్మకు సంచి సర్దడం ఇలాగే తెమిలేది కాదు. చిన్నప్పుడు ఆమె తండ్రి నార్సింగి దాకా పోయొస్తానని చెప్పి వారం తర్వాత వచ్చాడు. తండ్రి వచ్చాడు గాని, ఆ వారం ఆమెకు ఇప్పటికీ పూర్తిగా గడవలేదు.

మొగిలి ఆగిపోవడానికి ఒకటే దారి ఉంది. అది చెరువు మీద ఉంది.

మాదాపూర్‌లో అద్దాల మేడలు లేచాక దుర్గం చెరువులో చేపలు తగ్గాయి గాని, చెరువును చూడడానికి వచ్చే జనం పెరిగారు. ఒక కంపెనీ వాళ్ళు ప్రతి ఆదివారం తమ ఉద్యోగులను పడవలో తిప్పమని అడిగారు. ఇవాళ నాలుగింటికి కంపెనీ మేడమ్ వస్తుంది. పడవ ఎక్కడా ఆగకుండా మూడు చుట్లు తిరిగితే ఆ పని మొగిలిది. ఒక్కసారి ఆగినా ఆ పని ఇంకెవరికో పోతుంది, మొగిలి భివండీ పోతాడు.

దసరాకు కొన్న పాత మోటరు దీపావళి దాకా బంగారంలా నడిచింది. ఆ తర్వాతే దానికి రోగం పట్టింది. బయల్దేరినప్పుడు బాగానే ఉంటుంది. చెరువు నడుమకు పోయాక గొంతు తగ్గుతుంది, రెండుసార్లు దగ్గుతుంది, ఆగిపోతుంది. కాసేపు అటూ ఇటూ చూసి, తిట్టి, మళ్ళీ తాడు లాగితే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది.

మధ్యాహ్నం బాలానగర్ నుంచి మిస్త్రీ నారాయణప్ప మోపెడ్ మీద దిగాడు. అనంతపురం మనిషి, పదిహేనేళ్ళుగా షెడ్డు నడుపుతున్నాడు. బాగుచేసిన మోటరును బిడ్డను దించినట్టు దించాడు.

"మూడుతూర్లు విప్పినానప్పా. ప్లగ్గు మార్చినా, కార్బురేటర్ కడిగినా, పైపులు ఊదినా. నా షెడ్డులో నీళ్ళ డ్రమ్ముకు బిగిస్తే రెండు గంటలు నిల్చకుండా మోగుతుంది. మీ చెరువు చూస్తానే దీనికి ఏమైతాదో."

"మా చెర్వు నీళ్ళు దానికి పడ్తలేవు మిస్త్రీ," అన్నాడు తిరుపతి. "బాలానగర్ నీళ్ళు ఒక డ్రమ్ము తెచ్చి కలుపుదమా?"

"నువ్వు నోరు కలపకుంటే చాలప్పా."

మేడమ్ వచ్చేలోపు ఒకసారి తిప్పి చూద్దామనుకున్నారు. నర్సమ్మ పసుపు గిన్నె తెచ్చింది. గంగమ్మకు మొక్కకుండా, బొట్టు పెట్టకుండా ఆమె పడవను ఏనాడూ నీళ్ళలోకి పోనివ్వలేదు. పడవ ముక్కుకు పెట్టింది, మోటరు నెత్తిన పెట్టింది, అన్నిటికంటే పెద్ద బొట్టు పెట్రోలు డబ్బా మూతకు పెట్టింది. దీపావళి నాడు రోడ్డు మీద ఒక స్కూటరు కళ్ళెదుటే కాలిపోవడం చూసినప్పటి నుంచి ఆమెకు పెట్రోలంటే హడలు. బొట్టు రాలకుండా ఉండాలని పసుపును ఆముదంలో కలిపి మరీ పెడుతుంది.

అప్పుడు ఎవరూ అనుకోని పని చేసింది. చీర కుచ్చెళ్ళు దోపి పడవ ఎక్కింది.

"నువ్వేడికే?" అన్నాడు మొగిలి. ముప్పై ఏళ్ళలో ఆమె పడవలో కాలు పెట్టడం అదే మొదలు.

"ఆగేదేందో నా కండ్లతోని జూస్త. నువ్వు పోయెటట్టయితే గీ ఒక్క పూటన్న నీతోని తిరుగుత."

మొగిలి జరిగి చోటిచ్చాడు. తిరుపతి, నారాయణప్ప కూడా ఎక్కారు.

మొదటి చుట్టు చక్కగా తిరిగింది. బండరాళ్ళ మీద కొంగలు లేచి మళ్ళీ వాలాయి. నర్సమ్మ పడవ అంచు రెండు చేతులా పట్టుకుని, డబ్బాకు ఎదురుగా కూర్చుంది. రెండో చుట్టులో పెద్ద బండ దాటగానే మోటరు గొంతు తగ్గింది. రెండుసార్లు దగ్గి ఆగింది.

నారాయణప్ప ప్లగ్గు విప్పి తుడిచాడు. మొగిలి పెట్రోలు ఎంతుందో చూద్దామని డబ్బా మూత తీశాడు. ఉస్సుమని చప్పుడైంది. సగానికి పైగా ఉంది. మూత బిగించి తాడు లాగితే మోటరు అందుకుంది.

"చూసినారా, ప్లగ్గే," అన్నాడు నారాయణప్ప.

అర చుట్టు తిరిగేసరికి మళ్ళీ దగ్గి ఆగింది.

"ప్లగ్గేనా మిస్త్రీ?" అన్నాడు తిరుపతి.

నారాయణప్ప మళ్ళీ ప్లగ్గు విప్పాడు. నర్సమ్మ మాత్రం డబ్బా నుంచి మోటరుకు పోయే పైపును చూస్తోంది. పైపు మధ్యలో గుప్పెడంత రబ్బరు ఉండ ఉంటుంది. బయల్దేరే ముందు దాన్ని పిసికి పెట్రోలు ఎక్కిస్తారు. గుండ్రంగా ఉండాల్సిన ఆ ఉండ ఇప్పుడు రసం పీల్చేసిన మామిడిపండులా చప్పిడిగా అతుక్కుపోయింది.

మొగిలి మళ్ళీ మూత తీశాడు. ఉస్సుమంది. రబ్బరు ఉండ మెల్లగా ఉబ్బి గుండ్రంగా అయింది.

నర్సమ్మకు ఆ చప్పుడు తెలుసు. ఏళ్ళ తరబడి వంటింట్లో విన్నదే.

"మిస్త్రీ, నూనె డబ్బాకు ఒక్కటే బెజ్జం గొడ్తే నూనె సక్కగ రాదు. గుటగుటమని ఆగుతది. గాలి వోనీకి ఇంకో బెజ్జం గొట్టాలె. దీనికి ఆ రెండో బెజ్జం ఏడున్నది?"

నారాయణప్ప చేతిలో ప్లగ్గు అలాగే ఉండిపోయింది. "మూతమీదనే ఉంటాదమ్మా. సన్న బెజ్జం."

నలుగురూ మూత మీదికి వంగారు. అక్కడ బెజ్జం లేదు. నెల రోజుల పసుపు పొర మీద పొరగా ఎండి, రూపాయి బిళ్ళంత మందాన కూర్చుని ఉంది.

"మరి నీ షెడ్డుల ఎట్ల నడిసింది?" అన్నాడు మొగిలి.

"అక్కడ పెట్టింది నా డబ్బానప్పా. మీరు మోటరు ఒకటే కదా తెచ్చిచ్చింది."

నర్సమ్మ పుస్తెలతాడుకున్న పిన్నీసు తీసి బొట్టు మధ్యలో గుచ్చి తిప్పింది. పసుపు పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. చివరికి ఆవగింజంత బెజ్జం బయటపడింది. మూత బిగించి తాడు లాగితే మోటరు గర్జించింది. ఈసారి రబ్బరు ఉండ గుండ్రంగానే నిలిచింది.

"నెల సంది నేనే ఆపుతున్ననా," అంది ఆమె సన్నని గొంతుతో.

"మా వదినె భక్తికి మోటరుకు ఊపిరాడలే," అన్నాడు తిరుపతి. "ఇంకో నెలయితే మా అన్న ముక్కుకు గూడ పెడుతుండె."

మొగిలి కడుపు పట్టుకుని నవ్వాడు. పడవ ఊగింది. "నవ్వుడు బంద్ జెయ్యి, మునుగుతం," అని గదమాయిస్తూనే నర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏ మిస్త్రీకైనా ఇది తట్టదమ్మా," అన్నాడు నారాయణప్ప తల గోక్కుంటూ. "మట్టి చూస్తాము, తుప్పు చూస్తాము. పసుపు యెవురు చూస్తారు?"

నాలుగింటికి కంపెనీ నుంచి సౌజన్య అనే అమ్మాయి వచ్చింది. నీళ్ళను చూసి కాస్త జంకింది. "మధ్యలో ఆగదు కదండీ?"

"ఆగదు మేడమ్. ఆపేటామెను ఒడ్డుకు దించినం," అన్నాడు తిరుపతి.

ఒడ్డున నర్సమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఒకటి. పెద్ద బండ దాటింది, రెండు. మూడోసారి పడవ మలుపు తిరిగి కనబడేదాకా ఊపిరి బిగబట్టింది. మూడు చుట్లూ అయ్యాయి. పడవ ఒడ్డుకు రాలేదు. ఆమె నీళ్ళ అంచు దాకా పోయి నిలబడింది. సౌజన్యకు నచ్చి, ఇంకొక చుట్టు తిప్పమని అడిగిందని తర్వాత తెలిసింది.

"రేపటి నుంచే రండి," అంది సౌజన్య దిగుతూ. "పది మంది వస్తారు."

ఇంటికి రాగానే మొగిలి గడపలో ఉన్న రొట్టెల మూటకు చెయ్యి చాపాడు. తిరుపతి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగన్నా. రొట్టెలు బొంబాయివి."

"ఎవలు పోతున్నరని?"

"ఇంట్లకెల్లి ఒక మనిషి వస్తడని మాటిచ్చినవు. రాకపోతే సేఠు మన అల్లున్ని పనిలకెల్లి తీస్తడు. నాకు పెండ్లమా, పిల్లలా. జర సముద్రం జూసి, నాలుగు నెలలు కావలి గాసి, ఉగాదికి వస్త."

మొగిలి వద్దన్నాడు, తిట్టాడు. తిరుపతి అన్న చొక్కా వేసుకుని చేతులు చాపాడు. చొక్కాలో ఇంకొక మనిషి పట్టేంత చోటుంది. అది చూసి మొగిలికి నవ్వాగలేదు. నవ్వాక ఇక వద్దనలేకపోయాడు.

నర్సమ్మ ఆ రోజు మొదటిసారి తడుముకోకుండా సంచి సర్దింది. చొక్కాలు అడుగున, రొట్టెలు పైన. భర్త ఆగిపోయాడన్న నిండుదనంలో చేతులు వాటంతట అవే ఆడాయి. అలవాటుగా పసుపు గిన్నె తెచ్చి, సంచికి బొట్టు పెట్టబోయింది.

"వద్దు వదినె," అన్నాడు తిరుపతి సంచి వెనక్కి లాక్కుని. "నీ బొట్టుకు బస్సు ఆగుతది."

ఆమె నవ్వి గిన్నె కింద పెట్టింది. బొట్టు పెట్టలేదు.

తిరుపతి ఆ ఉగాదికి రాలేదు, ఆ తర్వాతా రాలేదు; ఏమయ్యాడో ఇంట్లో ఎవరికీ తెలియలేదు. అతను వెళ్ళింది 1999 డిసెంబరు 11, శనివారం, సాయంత్రం ఏడింటి బస్సుకు.