సాగిన అంగుళం

ఆ ఇంట్లో ఐదేళ్ల పిల్ల ఎదగడం లేదని తేలిపోయింది. తేల్చింది డాక్టరు కాదు, బడివాళ్లు ఇచ్చిన కార్డు. అందులో పిల్ల ఎత్తు ఇంట్లోనే కొలిచి నింపమన్నారు. మిగతా ఇళ్లవాళ్లు స్కేలుతోనో, కంటి అంచనాతోనో నింపి పంపేసి ఉంటారు. ఈ ఇంటికి ఆ ఖర్మేమిటి? పిల్ల తాత ముప్పై ఏళ్ల నుంచి దర్జీ. పేటంతా ఆయన్ని టైలర్ మాస్టారంటుంది. పొద్దున్నే కొట్టు తెరిచి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, టేపు కళ్లకద్దుకుని మెడలో వేసుకుంటే మళ్లీ కొట్టు కట్టేసేదాకా తీసేవాడు కాదు. ఆయన కుట్టిన చొక్కా బిగుతైందని గానీ వదులైందని గానీ ఎవరూ వెనక్కి తెచ్చిన పాపాన పోలేదు.

అంతటి మాస్టారు మనవరాలిని గోడకి ఆనించి కొలిస్తే నలభైన్నర అంగుళాలు వచ్చింది. కార్డు మీద ఐదేళ్ల పిల్లలకి గీసిన పచ్చగీత నలభై ఒకటిన్నర దగ్గరుంది.

ఆ ఒక్క అంగుళం కోసం ఇల్లంతా నడుం బిగించింది.

కోడలు ఫోనులో చదివి చదివి ఎత్తు పెరిగే పొడి ఒకటి తెప్పించింది. అది పాలలో కలిపితే పాలు గోడకి వేసే సున్నంలా చిక్కబడేవి. కొడుకు గుమ్మానికి అడ్డంగా ఇనప కడ్డీ బిగించాడు. పిల్ల దానికి పూటకి పది నిమిషాలు వేలాడాలి. తండ్రి పక్కన నిలబడి గడియారం చూసేవాడు. ఎదురింటావిడ వచ్చింది. ఆవిడకి పేటలో సలహాల వదిన అని పేరు. పొడి డబ్బా మీద రాసింది చదివి, కడ్డీని ఒకసారి ఊపి చూసి పెదవి విరిచింది.

"ఇవన్నీ పైపై పనులమ్మా. పొద్దస్తమానం బుడ్డీ బుడ్డీ అని పిలుస్తుంటే పిల్ల ఎట్లా ఎదుగుతుంది? మాట వంటికి పట్టేస్తుంది."

మర్నాటి నుంచి బుడ్డి కాస్తా పొడుగమ్మ అయింది. పొడుగమ్మా అని పిలిస్తే పిల్ల పలికేది కాదు. ఎవరో వచ్చారనుకుని వీధి గుమ్మం వైపు చూసేది. దాంతో పిల్లకి చెవుల పరీక్ష కూడా చేయించాలేమోనని ఇంట్లో మరో చర్చ మొదలైంది.

మాస్టారు అన్నీ ఓర్చుకున్నాడు. అసలు దెబ్బ ఆ తరవాత తగిలింది.

"మామయ్యగారూ, ఏమీ అనుకోకండి," అంది కోడలు మజ్జిగ గ్లాసు చేతికిస్తూ. "సాయంత్రాలు అది మీ కొట్లో బల్ల కింద వంగి కూర్చుంటోంది కదా. అట్లా కూర్చుంటే ఎముకలు సాగవట. ఇకనుంచి కొట్టుకి వద్దు."

"బల్ల కింద దానికి ఇంకా జానెడు చోటుంది తల్లీ. తల తగలడం లేదు."

"తగలడం లేదనే కదా నా బాధ."

మాస్టారు మజ్జిగ తాగేశాడు.

మూడేళ్లుగా సాయంత్రం నాలుగైతే ఆ పిల్ల బల్ల కిందకి దూరేది. కత్తిరించగా పడిన పీలికలు ఏరుకుని తన బొమ్మకి గౌన్లు చుట్టేది. గుండీలు రంగుల వారీగా వేరు చేసేది. మిషను ఆగితే, "తాతా, దారం తెగిందా?" అని తనే అడిగేది. అంకెలు అక్కడే నేర్చుకుంది. ఇప్పుడు మిషను ఆగితే అడిగేవాళ్లు లేరు. అన్నం ఎంత తింటున్నాడో మాస్టారికే తెలియలేదు. దేవుడి పటం ముందు నిలబడి మెల్లిగా అడిగాడు. "అడగని గడ్డిని అంతంత పెంచుతావు కదా స్వామీ. నా పిల్ల దగ్గర ఒక్క అంగుళానికి చెయ్యి బిగబట్టావేం?"

దేవుడేమీ అనలేదు. వారం తిరక్కుండా బడి ఆటల టీచరు మాత్రం వచ్చింది. చంకలో మాస్టారు బడికి కుట్టిచ్చిన పన్నెండు యూనిఫాం గౌన్లున్నాయి.

"మాస్టారూ, పిల్లలు అమ్మల బట్టలేసుకుని వచ్చినట్టుందండీ. అన్నీ పొడుగే, అన్నీ వదులే."

మాస్టారికి రోషం వచ్చింది. ఆయన ముప్పై ఏళ్లలో ఎదుట లేని మనిషికి కుట్టడం అదే మొదలు. బడివాళ్లు కొలతలు కాగితం మీద రాసి పంపారు. "మీరు కొలవడంలో తేడా చేసి ఉంటారమ్మా," అన్నాడు.

ఆవిడ సంచీలోంచి తన టేపు తీసి, మాస్టారి మెడలోది అడిగి తీసుకుని, రెండూ బల్ల మీద పక్కపక్కన పరిచింది. ముప్పై ఏళ్లు మెడలో వేలాడి, చెమటకి నాని, ఇస్త్రీ పెట్టె వేడికి మెత్తబడిన మాస్టారి టేపు, ఆవిడ టేపు కంటే రెండంగుళాల పైచిలుకు ముందుకి పోయింది.

"సాగిందండీ," అంది టీచరు నవ్వాపుకుంటూ.

మాస్టారు రెండు టేపుల మొదళ్లూ కలిపి మళ్లీ పరిచి చూశాడు. మనిషినీ దాంతోనే కొలిచి, బట్టనీ దాంతోనే కత్తిరిస్తే తప్పు తప్పుతో సరిపోయింది. అందుకే ఇన్నేళ్లూ బయటపడలేదు. ఈసారి కొలత బడివాళ్ల టేపుది, కత్తిరింపు తన టేపుది. సాగిన టేపు పక్కన నిలబడితే ఎవరి ఎత్తయినా తక్కువే చూపిస్తుంది. అంటే పిల్ల శుభ్రంగానే ఎదిగింది. దేవుణ్ణి ఉత్తపుణ్యానికి ఆడిపోసుకున్నాడు.

గౌన్లు మళ్లీ కుట్టి ఇస్తానని ఆవిణ్ణి పంపి, ఇంటికెళ్లే దారిలో కొత్త టేపు కొన్నాడు. నిజం చెబుదామనే బయల్దేరాడు గానీ వీధి మలుపు తిరిగేసరికి పేరు అడ్డమొచ్చింది. కొలత తప్పిన దర్జీ అంటే పేట ఏమనుకుంటుంది? చెప్పకుండానే పని జరిగితే చాలుకదా. కడ్డీకి వేలాడుతున్న పిల్లని దింపి, కొత్త టేపుతో కొలిచి, "నలభై రెండు," అన్నాడు. ఊరుకున్నాడు.

అక్కడే పప్పులో కాలేశాడు.

"చూశారా, పొడి పని చేసింది," అంది కోడలు. "ఇకనుంచి రెండు చెంచాలు."

"పొడి కాదే, కడ్డీ," అన్నాడు కొడుకు. "పదిహేను నిమిషాలు చేద్దాం."

"పేరు మార్చింది నేనండోయ్," అంది సలహాల వదిన గుమ్మంలోంచే.

"అన్నిటికంటే ముఖ్యం కొట్టు మానడం," అని కోడలు తేల్చేసింది. "ఇక ఈ జన్మలో దాన్ని ఆ బల్ల కిందకి పంపను."

పిల్ల తాత వైపు చూసింది. ఏడవలేదు. తనంతట తనే స్టూలెక్కి మళ్లీ కడ్డీ పట్టుకుంది. ఆ రెండు చిన్న చేతులు చూసి మాస్టారు నిలబడలేకపోయాడు.

"దిగు బుడ్డీ," అన్నాడు. పాత టేపూ కొత్త టేపూ భోజనాల బల్ల మీద పరిచి, కోడలి వైపు తిరిగాడు. "తప్పు నాది తల్లీ. నా టేపు సాగిపోయింది. పిల్ల ఎప్పుడూ పొట్టిగా లేదు. మధ్యాహ్నమే తెలిసింది నాకు. పరువు పోతుందని నోరు మూసుకున్నాను."

కోడలు డబ్బా మూత తీసి, లోపలికి చూసి, మళ్లీ పెట్టింది. "అయితే ఈ పొడి?"

"అది తాగకపోతే ఇంకా తగ్గేదేమో," అన్నాడు కొడుకు. ఇంతలో అతనికి ఏదో తట్టింది. "నాన్నా, పెళ్లి సూటుకి నన్ను కొలిచింది ఈ పాతదాంతోనేనా?"

గోడకి ఆనించి కొత్తదాంతో కొలిచారు. ఐదడుగుల ఐదున్నర అనుకుని ఏడేళ్లుగా ఫొటోల్లో మడమలెత్తి నిలబడుతున్న మనిషి ఐదడుగుల ఏడు తేలాడు.

"మీరు ఏ పొడి తాగారండీ?" అంది కోడలు, నవ్వొద్దనుకుంటూనే నవ్వేసింది. నవ్వాక ఇక కోపం నిలవలేదు. కడ్డీ మీద ఆ పూటే తడి తువ్వాలు ఆరేసింది. "రేపు దాన్ని కొట్టుకి తీసుకెళ్లండి మామయ్యగారూ. ఇంకోసారి మాత్రం మా దగ్గర దాచకండి."

మర్నాడు సాయంత్రం బుడ్డి బల్ల కింద హాయిగా వంగి కూర్చుంది. సంగతి అప్పటికే పేటంతా పాకింది. మాస్టారు తల వంచుకునే మిషను తొక్కుతున్నాడు. మొదట వచ్చింది సలహాల వదిన.

"అన్నయ్యగారూ, నాకో జాకెట్టు కుట్టాలి. కొత్త టేపు కొన్నారటగా. పిల్లల్ని దాంతో కొలవండి. నా నడుముకి మాత్రం ఆ పాతదే పట్టండి."

"ఎందుకు వదినగారూ?"

"దాంతోనే కొలిచి దాంతోనే కత్తిరిస్తే బట్ట ఎట్లాగూ సరిపోతుందిగా. నాక్కావలసింది అంకె."

మాస్టారు చేసేది లేక కొలిచి, మెల్లిగా, "ముప్పై ఆరు," అన్నాడు.

"కాస్త గట్టిగా అనండి."

ఆయనింకా మొహమాటపడుతుండగానే, బల్ల కిందనుంచి బుడ్డి తలెత్తకుండా, వీధి చివరిదాకా వినిపించేలా అంది. "ముప్పై ఆరూ."