గోధుమ మానేసిన గిర్ని

నేను ఒక పిండి గిర్నిని. జహీరాబాదు కూరగాయల మార్కెట్ వెనక సందులో, రేకుల గదిలో ఇరవై రెండేళ్లుగా తిరుగుతున్నాను. ఎక్కడో గుజరాత్ వైపు పోతపోస్తే, వరిగడ్డి చుట్టుకుని లారీలో వచ్చాను. నన్ను కొన్నది తుల్జమ్మ. భర్త పోయిన ఏడాదికే మెడలోని బంగారు గుండ్లు అమ్మి నన్ను ఇక్కడ నిలబెట్టింది. ఆడమనిషి గిర్ని నడపడమేమిటని నవ్వినవాళ్లే నెల తిరక్కుండా డబ్బాలు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. పిండి మెత్తగా వస్తే మనుషులు తమ అభిప్రాయాలను సులువుగానే మార్చుకుంటారు.

జొన్నలు, సజ్జలు కూడా పట్టేదాన్ని కానీ, నన్ను బతికించింది గోధుమలే. పది డబ్బాలొస్తే ఏడు అవే ఉండేవి.

తుల్జమ్మ కొడుకు శివరాజు ట్రాక్టర్ల మెకానిక్. అతని భార్య జగదేవి కాపురానికి వచ్చిన మూడో నెలలోనే నా దగ్గర పనికి దిగింది. నా చప్పుడు విని లోపల ఏ గింజ నలుగుతోందో చెప్పేది. వేళ్ల మధ్య పిండి రాసి చూసి, రాళ్ల సందు వెంట్రుకవాసి సవరించేది. అంత నేర్పున్న చేతులు నేనెరగను. అయితే ఆ చేతులు ఏటికేడాది సన్నబడిపోయాయి. మొహం పాలిపోయి ఉంటే, పిండి అంటుకుందేమో అనుకునేదాన్ని. కడుక్కుని వచ్చినా అలాగే ఉండేది. పొద్దున చపాతి తిని వచ్చి, పదింటికల్లా కడుపు పట్టుకుని బస్తా మీద కూలబడేది.

రక్తం లేదని మాత్రలిచ్చారు, టానిక్కులిచ్చారు. నా ముందు వరుసలో నిలబడ్డవాళ్లలో మాత్రం వైద్యం తెలియనివాళ్లు లేరు. ఒకామె దిష్టి అంది. ఇంకొకామె నులిపురుగులంది. మూడో ఆమె, జొన్నరొట్టె మొరటు, గోధుమ రొట్టె తింటే తేలిగ్గా అరుగుతుందని చెప్పింది. జగదేవి ఆ మూడో సలహా పాటించింది.

ఒకరోజు ఎత్తిన డబ్బాతో సహా నా ముందే పడిపోయింది. శివరాజు హైదరాబాదులో పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. తిరిగొచ్చాక తల్లికి చెబుతుంటే నేనూ విన్నాను. రక్తం పరీక్షించారట. నోట్లోంచి గొట్టం పంపి, పేగులోంచి చిన్న ముక్క తీసి చూశారట. సీలియాక్ అనే జబ్బట. గోధుమలో, బార్లీలో గ్లూటెన్ అనే పదార్థం ఉంటుంది. అది పడనివాళ్లు తిన్నప్పుడల్లా పేగు లోపలి పొర దెబ్బతిని, ఏం తిన్నా ఒంటికి పట్టదు. దీనికి మందు లేదు. బతికినన్నాళ్లూ వాటిని మానుకోవడమే మార్గం.

"గోధుమ తింటె రోగమా? ఊరంత తింటలేరా?" అంది తుల్జమ్మ. వినేవాళ్లకు అది కోపంలా ఉంటుంది. ఆమె గొంతు నాకు కొత్త కాదు. అది భయం.

జగదేవికి వేరే పెనం, వేరే పీట వచ్చాయి. చపాతి, పూరి, ఉప్మా, సేమియా, చాయ్‌లో ముంచుకునే బిస్కెట్టు అన్నీ పోయాయి. నెల రోజులకు కాస్త తేరుకుని మళ్లీ మంచం పట్టింది. వంటింట్లో ఒక్కో డబ్బా తిప్పి వెనక రాసింది చదివితే, ఇంగువ పొడిలో గోధుమ పిండి కలిసి ఉందని తేలింది. ఇంగువ కూడా మానేసింది. అయినా రెండో పరీక్షలో మార్పు రాలేదు. అప్పుడు పెద్దాసుపత్రి డాక్టరమ్మ, నువ్వేం పనిచేస్తావని అడిగిందట. అప్పటిదాకా ఆ మాట ఎవరూ అడగలేదు. పిండి గిర్ని అనగానే చేతిలోని కలం కింద పెట్టేసిందట. గాలిలో లేచిన పిండి ముక్కులోకి, నోట్లోకి పోయి కడుపులోకి దిగుతుంది. ఒక్క ముద్ద ముట్టకపోయినా జగదేవి రోజూ గోధుమ తింటూనే ఉంది.

తినిపిస్తున్నది నేను.

గిర్ని అమ్మేద్దామన్నాడు శివరాజు. లేదంటే మనిషిని పెడదాం, నువ్వు ఇంటి దగ్గర ఉండు అన్నాడు. జగదేవి గుమ్మం బయటే నిలబడి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని జవాబిచ్చింది.

"ఇంట్ల కూసుంటె పానం బాగైతదేమో గని, నేను నేనైతె ఉండ. గిర్ని ఉంటది, నేనుంట. గోధుమలే పోవాలె."

పదింటిలో ఏడు డబ్బాలు పోతే ఏం తింటామని అతను అడిగాడు. అది తప్పు ప్రశ్న కాదు. జగదేవి అత్త వైపు చూసింది. తుల్జమ్మ ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే పానా పట్టుకుని వచ్చింది. బెల్టు తప్పించి నా బోల్టులు విప్పడం మొదలుపెట్టింది. శివరాజు పరుగున వచ్చి ఇదేంటమ్మా అని అడిగాడు.

"ఈ గిర్ని నిన్ను సాకింది. నా కోడల్ని తింటనంటె ఊకుంటనా?" అంది, తలెత్తకుండానే.

ఎంత తోమినా రాళ్ల గాట్లలో పట్టిన గోధుమ పోదు కాబట్టి రాళ్లే తీసేశారు. మూడు రోజులు తల్లీకొడుకులు నన్ను గీకారు, కడిగారు. గోడలకు సున్నం వేశారు. కొత్త రాళ్లు, పిండి దిగడానికి కొత్త గుడ్డ గొట్టం వచ్చాయి. గోధుమలు పట్టబడవని తలుపు మీద రాయించారు. నాలుగో రోజు జగదేవి లోపలికి వచ్చి, ముక్కు మీది కొంగు తీసేసి స్విచ్చి వేసింది.

సందంతా నవ్వింది. గోధుమ డబ్బాలు నన్ను దాటుకుని సందు చివరి గిర్నికి వెళ్లిపోయాయి. సగం రోజులు ఊరికే నిలబడ్డాను. జగదేవి మాత్రం వచ్చిన ప్రతి బస్తాలోంచి గింజలు పళ్లెంలో పోసి వెతికేది. ఒక పెద్ద ఆసామి జొన్నల్లో మూడు గోధుమ గింజలు కనిపిస్తే బస్తా వెనక్కిచ్చింది. మూడు గింజలకేనా అని అతను మండిపడ్డాడు.

"మూడే అన్నా. నాకవి చాలు" అంది.

అతను ఆ అవమానం కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. మాకు అంతకన్నా మంచి ప్రచారం ఎవరూ చేసిపెట్టలేదు. పదిహేను రోజులకు బీదరు నుంచి ఒకామె బస్సు దిగి వెతుక్కుంటూ వచ్చింది. ఆమె కూతురికీ ఇదే జబ్బు. జగదేవి మోటారు ఆపి, మూత తీసి, నా రాళ్లు చూపించింది. ఆమె చెయ్యి పెట్టి తడిమి చూసింది.

"మస్తు గిర్నీలు తిరిగిన అక్కా. మూత తీసి ఎవ్వరు చూపియ్యలే" అంది.

తర్వాత సంగారెడ్డి నుంచి, హైదరాబాదు నుంచి రావడం మొదలైంది. డాక్టరమ్మే చీటీ రాసి పంపేది. ఏడాది గడిచేసరికి జగదేవి ఒక్కతే బస్తా ఎత్తి నాలో పోస్తోంది. పరీక్షలో అంతా మామూలుగా ఉందని కాగితం వచ్చిన రోజు, తుల్జమ్మ తనకు చదవడం రాకపోయినా దాన్ని వరుసలో అందరికీ చూపించింది.

మొన్న ఆసుపత్రివాళ్లు ఈ జబ్బున్న వాళ్లందరినీ హైదరాబాదుకు పిలిచారు. అత్తాకోడళ్లు నా పిండితో రొట్టెలు చేసుకుని వెళ్లారు. ఏ పెళ్లికి వెళ్లినా సొంత డబ్బా తీసుకుని మూల కూర్చుని తినే నలభై మంది అక్కడ ఒకే వరుసలో కూర్చున్నారట. రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన నాలుగు రొట్టెలు తిని, ఇందులో ఏం కలిపారని అడగకుండా తిని ఆరేళ్లయిందని కళ్లద్దాలు తుడుచుకున్నాడట. నలుగురిలో నోరు విప్పని జగదేవి మైకు పట్టుకుని ఇంగువ సంగతి, పిండి దుమ్ము సంగతి, మూడు గింజల సంగతి చెప్పిందట.

ఆ గిర్ని మీదేనా అమ్మా అని ఎవరో తుల్జమ్మను అడిగారట.

"నాది గాదు. మా జగదేవిది" అందట.

మర్నాడు వరుసలో ఆడవాళ్లు చెప్పుకుంటుంటే నా యజమాని మారిన సంగతి తెలిసింది. కాగితం లేదు, సంతకం లేదు. ఆ పూట జగదేవి స్విచ్చి వేస్తే, ఇరవై రెండేళ్లలో ఎన్నడూ తిరగనంత హుషారుగా తిరిగాను.