సాక్ష్యంలో లేని పదకొండు నెలలు

బేతంచెర్లలో సాయంత్రం తెల్లగా వస్తుంది. పాలిష్ ఫ్యాక్టరీల్లో లేచిన రాతి పొడి పొద్దు వాలే వేళకు ఇంటి కప్పుల మీద, వేపాకుల మీద, దండెం మీద మరిచిపోయిన బట్టల మీద మెల్లగా దిగుతుంది. ఆ కాసేపూ ఊరు ఊరులా ఉండదు. ఎవరో కంటున్న కలలా ఉంటుంది.

ఆ శనివారం జ్ఞానమణి గడప ముందు కూర్చొని శెనక్కాయలు వలుస్తోంది. ఎదురింటి ఆనందం వచ్చి, పిలవకుండానే పక్కన కూలబడి, చాటలో చెయ్యి పెట్టి తానూ వలవసాగింది.

"అక్కా, రేపు చర్చిలో మీ ఆయప్పను సాక్ష్యం చెప్పమను. బాగా చెప్పమను. మా క్రిస్టినా వినల్ల."

"శానాసార్లు వినిందే కదమ్మే."

"అప్పుడు పెండ్లి కాలేదు కదక్కా. ఇప్పుడు వింటే పనికొస్తాది. అల్లుడు కూడా మైదుకూరు నుంచి వస్తాండాడు. రాళ్లనే నున్నగా చేసేటాయప్ప, మా అల్లుని మనసు చేయలేడా?" ఆనందం నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

క్రిస్టినా ఆనందానికి ఒక్కగానొక్క కూతురు. పెళ్లయి రెండేళ్లు. పది రోజుల క్రితం ఎడమ చెవి మీదుగా చున్నీ కప్పుకొని పుట్టింటికి వచ్చింది. మొగుడు యేసుప్రసాద్ తాగి కొట్టిన దెబ్బకు ఆ చెవికి మాట సరిగ్గా వినబడడం లేదు. రేపు ఆరాధన అయ్యాక పాస్టరు హెన్రీ అయ్యగారు ఇద్దరినీ నిలబెట్టి ప్రార్థన చేయాలనీ, పిల్ల అటునుంచి అటే మొగుడి వెంట మైదుకూరు వెళ్లాలనీ పెద్దలు నిర్ణయించారు.

"పాప పోతానంటాందా?"

"యాడ? పోనంటే పోననింది. నేనే చెప్పినా. జ్ఞానమణక్క ఏడేండ్లు ఓర్చుకోలేదా, నువ్వు రెండేండ్లకే ఓడిపోతే ఎట్లా అని. నీ పేరు ఎత్తేసరికి తల వంచుకొనింది. సంచి సర్దుకుంటాంది."

జ్ఞానమణి చేతిలోని కాయ వలవకుండానే ఉండిపోయింది.

దేవుడు తనకు చేసిన మేలును సంఘం ముందు నిలబడి చెప్పుకోవడాన్ని వాళ్లు సాక్ష్యం అంటారు. జ్ఞానమణి భర్త, పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే లాజరు చెప్పే సాక్ష్యానికి ఆ చుట్టుపక్కల చర్చీలన్నిటిలో పేరుంది. ఒకప్పుడు ఒళ్లు తెలియకుండా తాగి పెళ్లాన్ని కొట్టిన లాజరు. దెబ్బలు తింటూ నోరెత్తని ఇల్లాలు. ఏడేళ్లపాటు మోకాళ్ల మీద కన్నీటి ప్రార్థన. ఒక తెల్లవారుజామున మెలకువ వచ్చిన భర్త ఆ కన్నీళ్లు చూసి, కరిగిపోయి, సీసాను రాతికేసి పగలగొట్టడం. అక్కడికి వచ్చేసరికి ఆడవాళ్లు కొంగులు కళ్లకు అద్దుకుంటారు.

పదేళ్లుగా జ్ఞానమణి కూడా ఆ కథను అందరిలాగే వింటూ వచ్చింది. అందులోని ఇల్లాలంటే జ్ఞానమణికి ఇష్టం. తెల్ల చీర కట్టుకుంటుంది. మసక వెలుతురులో మోకరిల్లి ఉంటుంది. ఆమె చుట్టూ గాలి కూడా నెమ్మదిగా నడుస్తుంది. నిజానికి ఆ రోజుల్లో జ్ఞానమణికి తెల్ల చీరే లేదు. అయినా విని విని, తనకు కూడా అలాగే గుర్తుండసాగింది.

ఆనందం వెళ్లిపోయాక జ్ఞానమణి ఆ తెల్లటి మసకలో కూర్చొని కళ్లు మూసుకుంది. ఈసారి తెల్ల చీర కట్టిన ఆమె రాలేదు. రైలు వచ్చింది.

ఒక మధ్యాహ్నం లాజరు పనిలో ఉండగా, విరిగిన మణికట్టుకు కట్టుతో, ఇద్దరు పిల్లలతో స్టేషనుకు నడిచిన ఒక మనిషి కనబడింది. తనే. కోసిగిలోని పుట్టింటికి చేరి, ఆ ఏడు వానల్లేక ఊరంతా సుగ్గికని, పంట కోతల కూలికి వలస కదులుతుంటే, ఆ కూలీల వెంట తనూ గుంటూరు మిరప చేలకు పోయింది. కంటి చివరి దాకా ఎర్రటి చేను. దాని మధ్య పిల్లల నవ్వులు. ఘాటుకు కళ్లు మండుతున్నా, ఆ రాత్రుళ్లు ఎవరి అడుగుల చప్పుడుకూ ఉలిక్కిపడకుండా పట్టిన నిద్ర. అంత తీపి నిద్ర మళ్లీ ఎప్పుడూ పట్టలేదు.

సుగ్గి ముగిసి కోసిగికి తిరిగొచ్చాక లాజరు తాగి వచ్చాడు. ఆమె తలుపు తీయలేదు. తర్వాత తాగకుండా వచ్చి గడప బయట కూర్చున్నాడు. "ఆరు నెల్లు ముట్టకుండా ఉండి రా. అప్పుడు మాట్లాడతా" అంది. ఆరు నెలలు గడిచాయి. అతను వచ్చాడు. మొత్తం పదకొండు నెలలు.

మొదటి ఏడాది లాజరు ఇదంతా చెప్పేవాడు. "పెండ్లాము ఇల్లు విడిచి పోయిందని చెప్పద్దప్పా, ఆడపిల్లలు వింటారు" అని అప్పటి సంఘ పెద్ద ఒకాయన అన్నాడు. పదకొండు నెలలు కాస్తా 'కొన్నాళ్లు' అయ్యాయి. తర్వాతి ఏడాదికి అవీ పోయాయి. ఖాళీ అయిన చోట కన్నీళ్లు వచ్చి చేరాయి. మొదట్లో విన్నవాళ్లకు కూడా మెల్లగా అదే గుర్తుండిపోయింది.

అన్నం పెడుతూ ఆమె లాజరుతో అంది: "నేను ఇల్లు విడిచి పోయిన సంగతి కూడా రేపు చెప్పు."

లాజరు ముద్ద కలుపుతూ ఆగాడు. "ఇన్నేండ్లకు ఇప్పుడెందుకే? ఇన్నాళ్లూ అబద్ధం చెప్పినాడంటారు నన్ను."

"పిల్ల చెవి పోయిందయ్యా."

"నేను చెప్పేదానికీ ఆ పిల్ల చెవికీ ఏం సంబంధం? అయినా నీకేం తక్కువైంది? ఓర్పుకు జ్ఞానమణి అంటాండారు ఊర్లో."

ఆ మాట ముల్లులా దిగింది. ఎందుకంటే అది నిజం. ఆ పేరు ఆమెకు బాగుండేది. అందుకే ఇన్నేళ్లూ నోరు విప్పలేదు.

ఆదివారం చర్చి నిండింది. కిటికీల్లోంచి పడే వెలుగులో రాతి పొడి తేలుతోంది. క్రిస్టినా ఆడవాళ్ల వరసలో కూర్చొని, వినబడే చెవిని మైకు వైపు తిప్పుకొని వింటోంది. ఒళ్లో సంచి. అవతల మగవాళ్ల వైపు యేసుప్రసాద్ ఇస్త్రీ చొక్కాలో బుద్ధిమంతుడిలా ఉన్నాడు.

లాజరు గొంతు ఎప్పటిలాగే మెత్తగా సాగింది. "నా భార్య ఒక్క మాట అనలేదు. ఏడేండ్లు మోకాళ్ల మీదనే..." ఆనందం మోచేత్తో కూతురిని పొడిచింది, విన్నావా అన్నట్టు. క్రిస్టినా తల ఊపి, సంచి పట్టీ చేతికి చుట్టుకుంది.

ఆ తల ఊపడం చూసి జ్ఞానమణి లేచి నిలబడింది.

"అయ్యగారూ, నేనొక మాట చెప్పల్ల."

లాజరు ఆగిపోయాడు. హెన్రీ అయ్యగారు తడబడి, "చెప్పమ్మా" అన్నారు.

"నేను ఓర్చుకుంటే ఈయప్ప మారలే. ఓర్చుకున్న ఏడేండ్లూ కొడ్తానే ఉండాడు. చెయ్యి ఇరిగినాక పిల్లోల్లను తీసుకొని పోయినా. పదకొండు నెల్లు రాలే. ఆరు నెల్లు తాగకుండా ఉండి వస్తేనే మాట్లాడతానన్నా. దేవుడు మార్చలేదని నేను అనడం లే. నేను ప్రార్థన చేసినా. చేస్తానే రైలెక్కినా. ఆ సంగతి ఈ సాక్ష్యంలో లేదు. లేకపోయినా గమ్మునుండినా. నా తప్పే."

"ఇంట్లో సంగతులు మైకులో చెప్పుకుంటారా ఎవరన్నా?" యేసుప్రసాద్ గొణిగాడు.

"పదేండ్ల నుంచి మైకులోనే చెప్తాండాం నాయనా, సగం. మిగిలిన సగం ఈ పొద్దు చెప్తాండాం."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. అందరూ లాజరు వైపు చూశారు. అతను మైకును దగ్గరికి లాక్కున్నాడు.

"ఆమె చెప్పిందే నిజం" అన్నాడు. "ఆమె ఏడ్చినప్పుడు నేను ఏ పొద్దూ మేల్కోలే. ఉత్త ఇల్లు చూసినాక మేల్కొన్నా. చెప్పుకునేదానికి సిగ్గయింది. కన్నీళ్లని చెప్తే నాకు బాగుండె."

క్రిస్టినా చేతికి చుట్టుకున్న పట్టీ విప్పింది. "నేను ఈ పొద్దు పోనమ్మా" అంది, ఆనందం వైపు తిరిగి. గొంతు చిన్నదే. కానీ చర్చి అంతా విన్నది. ఆనందం కూతురి చున్నీ కింద వాచిన చెవిని ఇప్పుడే మొదటిసారి చూసినట్టు చూసి, ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

హెన్రీ అయ్యగారు యేసుప్రసాద్ దగ్గరకు నడిచారు. "నాయనా, నేను పిల్లకు ఓర్చుకోమని చెప్పాలని వచ్చినా. ఆ మాట తప్పు. నీకే చెప్తాండా. ఆరు నెల్లు తాగకుండా ఉండి రా. వచ్చినాక కూడా రమ్మనేదీ వద్దనేదీ ఆ పిల్ల ఇష్టం. రేపు ఆ చెవిని చూపించేదానికి కర్నూలు పెద్దాసుపత్రికి నేనే తోడు పోతా."

ఆరాధన ముగిశాక మెట్ల దగ్గర క్రిస్టినా జ్ఞానమణి చెయ్యి పట్టుకుంది. "పెద్దమ్మా, రైలెక్కేటప్పుడు భయం కాలేదా?"

"శానా అయింది పాపా. వచ్చే స్టేషన్లోనే దిగిపోదామనుకున్నా."

"మరి దిగలేదే?"

"చిన్నోడు కిటికీలోంచి చూస్తా నవ్వినాడు. ఇంట్లో వాని నవ్వు ఎప్పుడు విన్నానో గుర్తు రాలే. అందుకే దిగలే."

చదువరులారా, కష్టాలు దాటి వచ్చినవారి కథలను మనం మన పిల్లలకు మురిపెంగా చెబుతాం. వారు ఎంత భరించారో చెబుతాం. కానీ భరించడం ఎక్కడ ఆపారో దాచిపెడితే, ఆ ఆదర్శమే మరో ఆడపిల్ల మెడకు ఉరి అవుతుంది. కథను పూర్తిగా చెప్పండి. దెబ్బలను ఓర్చుకోవడం ఎవరి జీవితంలోనూ పాఠం కాదు, అక్కడినుంచి లేచి నడిచిన అడుగే పాఠం.